పియానోని కాస్త ఊరనివ్వండి

గత ఏడాది మే నెలలో, మా ఇంట్లో ఆవకాయ కలిపిన మర్నాడు పియానో దిగింది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటంటారా, ఉంది. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన ఆ జాడీ దగ్గరే పుట్టింది.

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ. బాల్కనీలో నిలబడితే రెండు మేడల సందులోంచి సముద్రం చీర అంచంత కనిపిస్తుంది. స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఒక్క ఏళ్లు మెయింటెనెన్స్‌లో చేసి రిటైరయ్యాను. నాకు సంగీతం రాదు, మా మనవరాలికి వస్తోంది. నాలుగేళ్లు కీబోర్డు మీద నేర్చుకుంది. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్షలకి కూర్చుంటోంది. ఇక అసలు పియానో లేకపోతే వేళ్లకి బలం రాదని వాళ్ల టీచర్ తేల్చి చెప్పేసరికి, రిటైర్మెంట్ డబ్బుల్లోంచి కొంత తీసి కొత్త అప్‌రైట్ పియానో కొన్నాం.

మాది రెండో అంతస్తు. లిఫ్టులో పట్టలేదు. ఆరుగురు కళాసీలు తాళ్లు కట్టి మెట్ల మీదుగా ఎక్కించారు. మలుపు దగ్గర ఊపిరి తీసుకుంటూ వాళ్లలో పెద్దాయన, "ఏటి బాబూ, ఇందులో ఇనప్పెట్టె గానీ దాచినారా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ చెక్క బీరువాలాంటి దాని లోపల నిజంగానే పోత ఇనుప చట్రం ఉంటుంది. దాని మీద 220కి పైగా ఉక్కు తీగలు. ఒక్కో తీగ 70, 80 కిలోల బలంతో లాగుతూ ఉంటుంది. అన్నీ కలిపితే 16 నుంచి 20 టన్నులు. అంటే మన హాల్లో గోడకి ఆనించి, పైన ఫోటో ఫ్రేములు పెట్టుకునే ఆ సామాను లోపల ఓ లోడు లారీ బరువు పగలూ రాత్రీ లాగుతూనే ఉంటుందన్నమాట.

మూడో రోజు పొద్దున మా ఆవిడ జాడీ మూత తీసి ఆవకాయ తిరగకలుపుతోంది. సరిగ్గా అప్పుడే షాపువాళ్లు పంపిన కుర్రాడు బెల్లు కొట్టాడు. పియానోతో పాటు ఒక ట్యూనింగ్, అంటే తీగల శ్రుతి సరిచేయడం, ఉచితం. దాని కోసం వచ్చాడు. ముప్పావుగంటలో ముగించి, కాగితం మీద నా సంతకం తీసుకుని వెళ్లిపోబోతుంటే మా ఆవిడ కారం చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, అంత దూరం లారీలో ఊగుతూ వచ్చింది కదా. దాన్ని కాస్త ఊరనివ్వరా?" అంది. నేను నవ్వాను. ఆ నవ్వుకి రెండు నెలల తర్వాత మూడున్నర వేల రూపాయలు, పైన రైలు ఛార్జీలు కట్టాను.

ఆవకాయ కలిపిన రోజే నాలిక మీద వేసుకుని ఉప్పు చాలలేదని ఇంకో గుప్పెడు వేసేవాళ్లని ఏమంటాం? ముక్క ఇంకా ఊట వదల్లేదు, నూనె పైకి తేలలేదు, అప్పుడే రుచి తేల్చేస్తే ఎలా? ఇంటికొచ్చిన వారంలోపు పియానోని ట్యూన్ చేయించడం కూడా అలాంటిదే. డబ్బు దండగ. విశాఖలో అయితే మరీ దండగ.

కారణం చెక్కలో ఉంది. పియానో వెనక భాగంలో సౌండ్‌బోర్డ్ అని ఓ పెద్ద పలక ఉంటుంది. మంచి పియానోల్లో స్ప్రూస్ కలపతో చేస్తారు. మందం సెంటీమీటరు కూడా ఉండదు. అది చదునుగా ఉండదు, వేయించిన అప్పడంలా మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉంటుంది. తీగల అదురు ఓ వంతెనలాంటి చెక్క ముక్క మీదుగా ఈ పలకలోకి దిగితేనే మనకి శబ్దం వినిపిస్తుంది. గాలిలో తేమ పెరిగితే ఈ పలక తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బితే ఆ వంతెనని పైకి నెడుతుంది. దాంతో తీగలు బిగుస్తాయి, శ్రుతి పెరుగుతుంది. తేమ తగ్గితే ఇదంతా తిరగబడుతుంది. వానాకాలంలో బాత్రూమ్ తలుపు బిగుసుకుపోయి భుజంతో తోయాల్సి వస్తుంది కదా, అదే సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మా పాత ఇంట్లో తలుపులు నెల రోజులు చౌకట్టులో పట్టలేదు. తలుపు బిగిస్తే భుజం నొప్పితో పోతుంది. పియానో పలక ఉబ్బితే మొత్తం శ్రుతే కదులుతుంది.

పోనీ అన్ని మెట్లూ, అంటే వేళ్లతో నొక్కే కీల స్వరాలన్నీ, ఒకే కొలతలో పెరిగినా ఎవరూ పెద్దగా పట్టించుకోరేమో. అలా జరగదు. మధ్య స్థాయి తీగలు ఎక్కువ కదులుతాయి, అడుగున మంద్ర స్వరాలు తక్కువ కదులుతాయి. పైగా ఎక్కువ మెట్లకి ఒక్కో స్వరానికి మూడేసి తీగలు ఉంటాయి. ఆ మూడూ ఒక్క గొంతుతో పలకాలి. ఒకటి వెంట్రుకవాసి తప్పినా స్వరంలో 'వావ్ వావ్' అని ఓ ఊగిసలాట మొదలవుతుంది.

మా మనవరాలు దీన్ని జూన్ మూడో వారంలోనే పట్టేసింది. "తాతయ్యా, మధ్య మెట్లు ఏడుస్తున్నాయి" అంది. నాకేమీ వినిపించలేదు. వారం తర్వాత నాకూ వినిపించింది.

ఇది చెక్క సంగతి. కొత్త పియానోకి దీనిపైన తీగల సంగతి ఇంకోటి ఉంది. కొత్త ఉక్కు తీగ సాగుతుంది. ఫ్యాక్టరీలో సాగదీసి, చాలాసార్లు ట్యూన్ చేసే పంపిస్తారు, కాదనను. అయినా మొదటి ఏడాదంతా కొద్దికొద్దిగా సాగుతూనే ఉంటుంది. తీగని బిగించే పిన్ను చుట్టూ వేసిన చుట్లు బిగుసుకుంటాయి, వంపులు తిరిగే చోట తీగ సర్దుకుంటుంది. ప్లాంట్‌లో కొత్త వైర్ రోప్ వేసిన క్రేన్ దగ్గర పనిచేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వేసిన రోజు కొలత, నెలకి కొలత ఒకటిగా ఉండవు. అందుకే తయారీదారులే మొదటి ఏడాది మూడు నాలుగు సార్లు ట్యూన్ చేయించమంటారు. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు.

అంటే కొత్త పియానోలో రెండు శక్తులు ఎదురెదురుగా పనిచేస్తుంటాయి. తీగ సాగి శ్రుతిని కిందికి దించుతుంది, మన సముద్రపు గాలి పలకని ఉబ్బించి పైకి ఎత్తుతుంది. జూలైలో చూసినప్పుడు మా పియానో మధ్య A స్వరం 442 దాటిపోయింది, పై మెట్లు మాత్రం ఉండాల్సిన చోటికంటే కిందికి జారాయి. ఈ 440, 442 ఏమిటంటే, మధ్య A సెకనుకి 440 సార్లు అదరాలని 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో అనుకున్నారు, 1955లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. తేడాని సెంట్లలో కొలుస్తారు. మన దగ్గర సెంటు అనగానే స్థలం రేటు అడుగుతారు గానీ, ఇక్కడ సెంటంటే పక్కపక్క రెండు మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. 440 దగ్గర ఒక అదురు తేడా అంటే సుమారు నాలుగు సెంట్లు.

జూలై రెండో వారంలో వచ్చిన ట్యూనర్ గారు వేరే మనిషి. వయసులో పెద్దాయన, బయటి ఊరి నుంచి రైల్లో వస్తారు. మేం మాస్టారు అంటాం. ఆయన పెట్టె తెరవలేదు. ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, మంచినీళ్లు తాగి, "ఏసీ రోజూ ఎన్ని గంటలు వేస్తారు సార్?" అని అడిగారు. పెద్దాసుపత్రిలో డాక్టరు షుగరుందా అని అడిగినట్టు. తర్వాత లేచి పియానో వెనక గోడ మీద అరచెయ్యి ఆనించారు. అది బయటి గోడ, పడమటి ఎండ, వాన జల్లు రెండూ కొట్టేది. "దీన్ని లోపలి గోడకి మార్చండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. వాచ్‌మన్‌ని, పక్క ఫ్లాట్ అబ్బాయిని పిలిచి జరిపించాం. చక్రాలున్నాయి కాబట్టి బతికాం.

ఆ రోజు ఆయన రెండు గంటలకి పైగా పనిచేశారు. తీగల మధ్య ఎర్ర ఫెల్టు గుడ్డ దోపి, రబ్బరు ముక్కలు పెట్టి, ఒక్కో తీగని విడిగా వింటూ, మెట్టుని గట్టిగా కొడుతూ. అంత గట్టిగా ఎందుకంటే తీగ బిగింపు అప్పుడే అన్ని వైపులా సమంగా సర్దుకుంటుందట, లేకపోతే పాప వాయించగానే జారిపోతుందట. కింది ఫ్లాట్ ఆవిడ పైకొచ్చి, "పాడైపోయిందా అండీ? కొత్తదే కదా!" అని సానుభూతి చూపించి వెళ్లింది. ఇక్కడ మొదటొచ్చిన కుర్రాడి గురించి ఓ మాట చెప్పాలి. అతను ఫోన్‌లో యాప్ పెట్టుకుని చేశాడని మా బంధువుల్లో ఒకాయన వెక్కిరించాడు. యాప్‌ది తప్పు కాదు. మాస్టారు కూడా కొలిచే పరికరం వాడారు. ఆ కుర్రాడికి ముప్పావుగంటే ఇచ్చి, మూడో రోజే పంపిన పద్ధతిదే తప్పు. డెలివరీ, ట్యూనింగ్, సంతకం, ఫైలు క్లోజ్. వాళ్ల లెక్కకి అది సుఖం, పియానోకి ఏ లాభమూ లేదు.

సరే, మరి ఎన్నాళ్లు ఆగాలి? ఇంట్లో పెట్టాక రెండు నుంచి నాలుగు వారాలు. గదిలో తేమ ఈ రోజు మారితే పలక ఈ రోజే మారదు, రోజులూ వారాలూ తీసుకుంటుంది. గోడౌన్‌లో ఎలాంటి గాలి పీల్చిందో, లారీలో టార్పాలిన్ కింద ఎంత వేడెక్కిందో, అదంతా వదిలి మన ఇంటి గాలికి అలవాటు పడాలి. ఈలోగా వాయించవచ్చా అని అడుగుతారు. హాయిగా వాయించండి. వాయిస్తేనే తీగలు త్వరగా సర్దుకుంటాయి. మూడు వారాలు కొంచెం అపశ్రుతి విన్నంత మాత్రాన పిల్లల చెవులు పాడైపోవు. మూడేళ్లు వింటే పాడవుతాయి.

ఆ మాట ఎందుకన్నానంటే, ఆగడమే మంచిదైతే పూర్తిగా ఆగిపోదాం అనే వర్గం ఒకటుంది. "కొత్తది కదా, ఏడాది సెటిల్ అవనివ్వండి, తర్వాత ఒకేసారి చేయిద్దాం." ఈ సలహా నాకు ముగ్గురిచ్చారు. వినడానికి మా ఆవిడ మాటలాగే ఉంటుంది. కానీ ఊరగాయని ఊరనివ్వడం వేరు, జాడీ మూత తియ్యకుండా ఏడాది అటకెక్కించడం వేరు. బూజు పడుతుంది.

పియానో ఏడాదో రెండేళ్లో ముట్టుకోకపోతే తీగల శ్రుతి మొత్తంగా దిగిపోతుంది. అర మెట్టు, అంటే యాభై సెంట్లు దిగిందనుకోండి. దాన్ని తిరిగి 440కి తేవాలంటే ప్రతి తీగ బిగింపునీ ఆరు శాతం దాకా పెంచాలి. పద్ధెనిమిది టన్నుల్లో ఆరు శాతం అంటే టన్ను పైమాటే. రిటైరైన ఇంజినీరుకి ఇలాంటి లెక్కలు వేయడం తప్ప పనేముంది, పాల ప్యాకెట్ల బిల్లు వెనక వేసి చూశాను. ఓ టన్ను అదనపు బరువు పలక మీదా చట్రం మీదా పడితే అవి కొంచెం అణుగుతాయి. దాంతో మొదట బిగించిన తీగలు, చివరి తీగలు బిగించేసరికి మళ్లీ వదులైపోతాయి. అందుకని ఒకసారి గబగబా అన్నీ పైకి లాగి, మళ్లీ మొదటి నుంచి జాగ్రత్తగా చేయాలి. రెండు ట్యూనింగుల ఖర్చు. పైగా సముద్రం పక్కన తుప్పు పట్టిన తీగ అయితే ఆ లాగుడుకి ఫట్‌మని తెగే అవకాశం కూడా ఉంది. ఏడాదిలో మిగిల్చామనుకున్న డబ్బు అక్కడే పోతుంది.

ఇంకో ప్రశ్న మా బావమరిది వేశాడు. అతను మృదంగం వాయిస్తాడు. "మన పాటకి శ్రుతి గొంతుని బట్టి కదా బావా. ఒకరు ఒకటి శ్రుతిలో పాడతారు, ఒకరు ఐదున్నరలో. ఆ 440 పట్టుకుని వేళ్లాడ్డం ఎందుకు? దానికి ఎంత వస్తే అంత ఉంచెయ్." మంచి ప్రశ్నే. తంబురా నాలుగు తీగలకి అది చెల్లుతుంది. పియానోని ఆ బిగింపు దగ్గర పలకడానికే డిజైన్ చేశారు, అంతకు కిందికి పోతే మొద్దుగా మోగుతుంది. రేపు పాప ఒక వయొలిన్ పక్కనో ఫ్లూట్ పక్కనో కూర్చుంటే వాళ్లు 440లోనే వస్తారు. అయినా ఈ మాట అన్నవాడు మృదంగం మీద రాయీ కర్రా పెట్టి కచేరీ మధ్యలో కూడా టకటకా శ్రుతి సరిచేసుకునేవాడు! ఇక్కడికి అరవై కిలోమీటర్లు కూడా దూరం లేని విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు, ఆయన తర్వాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలోకి వచ్చారు. వయొలిన్ బిరడాలు తిప్పనిదే కమాను ఎత్తని సంప్రదాయం మనది. అలాంటి మనకి పియానో దగ్గరికొచ్చేసరికి ఈ బద్ధకం ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తే నాకు తట్టింది హార్మోనియం. మెట్లున్న వాయిద్యం అంటే మనకి ముందు గుర్తొచ్చేది అదే, తర్వాత కీబోర్డు. హార్మోనియం రీడ్లు ఏళ్ల తరబడి శ్రుతి నిలబెట్టుకుంటాయి. కీబోర్డుకి శ్రుతే తప్పదు. పియానో కూడా ఆ జాతే అనుకుంటాం. చూడ్డానికి మెట్లున్నా అది తీగల వాయిద్యం, వీణకి చుట్టం.

ఇప్పుడు విశాఖ సంగతికొస్తాను. పియానోతో వచ్చే పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి ట్యూన్ చేయించమని ఉంటుంది. అది చలి దేశాల లెక్క. అక్కడ చలికాలంలో హీటర్లు వేసి ఇల్లు ఎండగొడతారు, వేసవిలో తేమ. మన లెక్క వేరు. మన దగ్గర గాలిని ఎండగొట్టేది ఏసీ. నాలుగు వందల రూపాయలు పెట్టి తేమ కొలిచే చిన్న మీటరు కొని పియానో మీద పెట్టాను. (ఈ మొత్తం వ్యవహారంలో పైసా పైసాకీ ఫలితం చూపించిన ఖర్చు అదొక్కటే.) మేలో మధ్యాహ్నం ఏసీ వేస్తే 52 శాతానికి దిగేది. ఏసీ ఆపి సాయంత్రం సముద్రం వైపు కిటికీలు తీస్తే గంటన్నరలో 80. ఆగస్టులో కిటికీలు మూసినా 78. జనవరిలో మాత్రం కొన్ని మధ్యాహ్నాలు ఏ ఏసీ లేకుండానే 55 చూపించింది.

పియానోకి మంచిదని చెప్పే తేమ నలభై నుంచి అరవై శాతం. లాసన్స్ బేలో అది ఏడాదంతా నిలపాలంటే కరెంటు బిల్లుకి ఇంకో పెన్షన్ కావాలి. మాస్టారు చెప్పిన కిటుకు వేరే. అంకె ఎంత అన్నదానికంటే, అది రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతోందన్నది ముఖ్యం. అరవై ఐదు దగ్గర కదలకుండా ఉంటే పియానో సర్దుకుంటుంది. పగలు 52, రాత్రి 80 అయితే ఏ ట్యూనరూ ఏమీ చేయలేడు. అందుకే ఖరీదైన వస్తువు కదా అని ఏసీ బెడ్‌రూమ్‌లో పెట్టి రోజుకి నాలుగు గంటలు చల్లబరచడం కంటే, ఏసీ లేని హాల్లో లోపలి గోడకి పెట్టడం నయం. మేం అదే చేశాం. తేమ మరీ ఎక్కువై మెట్లు కిందికి నొక్కితే పైకి లేవకుండా మొరాయించడం, తీగలకి తుప్పు, ఈ రెండిటి కోసం అడుగు భాగంలో గోరువెచ్చగా ఉండే హీటర్ రాడ్ పెట్టించాం, తేమ పెరిగితే దానంతటదే వెలిగి, తగ్గితే ఆగేది. జీరో వాట్ బల్బు పెట్టమని కొందరన్నారు. మాస్టారు వద్దన్నారు, ఒక్కచోటే కాలి అక్కడి చెక్క ఎండిపోతుందట. సిలికా జెల్ పొట్లాలు బూట్ల పెట్టెలోకి సరిపోతాయి, పియానోకి అవి ఏ మూలకి?

కాబట్టి మా ఇంటి పంచాంగం ఇలా కుదిరింది. మే, జూన్లలో కొంటే మొదటిది వానలు బాగా పట్టాక, జూలై నెలాఖరుకి. మేం రెండో వారంలోనే తొందరపడ్డాం, రెండు వారాలు ఆగి ఉంటే ఇంకా నిలిచేదని ఆయనే అన్నారు. ఆ తర్వాత అక్టోబర్‌లో ఒకసారి, తీగల సాగుడు కోసం. చలి కుదురుకున్నాక సంక్రాంతి దాటి మూడోది. రెండో ఏడాది నుంచి రెండు చాలు, ఆగస్టు, జనవరి. చలికాలంలో కొన్నవాళ్లు మూడు వారాలాగి ఒకటి చేయించుకుని, వానాకాలంలో ఇంకోటి తప్పదని ముందే మనసులో రాసిపెట్టుకోవాలి. పాత పియానో కొంటే తీగలు సాగే గొడవ ఉండదు గానీ ఇంటి గాలికి అలవాటు పడే గొడవ దానికీ ఉంది. పరీక్షకి ముందు చేయించాలనుకుంటే ఓ వారం పది రోజుల ముందు చేయించండి. ముందురోజు వద్దు.

షాపువాళ్లతో పోట్లాడక్కర్లేదు. ఉచిత ట్యూనింగ్ మూడు నెలల లోపు ఎప్పుడడిగితే అప్పుడు చేస్తామని బిల్లు మీద రాయించుకుంటే చాలు. నేను అడగలేదు. అడగొచ్చని నాకు తెలీదు. మా ఆవిడకి తెలుసు, కానీ ఆవిడని ఎవరడిగారు?

ఈ ఏడాది సంక్రాంతి తర్వాత వస్తానని మాస్టారు మాటిచ్చారు. మూడో వారం అయితే పియానోకి బాగుంటుందన్నారు. పియానోకి బాగానే ఉంటుంది. పండగకి ఊళ్లకొచ్చిన జనమంతా తిరిగి వెళ్లేది కూడా ఆ రోజుల్లోనే. ఆయన తిరుగు టికెట్ నిన్న చూస్తే వెయిటింగ్ లిస్ట్ 146.